మీటరు ఎక్కడ బిగించాలి

మంగళవారం

బండి ఉడికిపోయింది. నాన్న వంతెన దిగుతుంటే బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సుమని తన్నుకొచ్చిందట. ఫోన్ రాగానే పరిగెత్తాను. వెనక సీటు నిండా నర్సింగ్ హోమ్ దుప్పట్లు, మా లాండ్రీలో ఉతికి ఇస్త్రీ చేసినవి. నాన్న రోడ్డు పక్కన నిలబడి బండిని చూస్తున్నాడు, ఎవరో అకారణంగా చెంప మీద కొట్టినట్టు మొహం పెట్టి.

"ఎర్ర లైటు వెలగలేదా నాన్నా?"

"వెలిగితే చూడనా? నేనేమన్నా గుడ్డివాణ్ణా?"

మా బండికి వేడి చూపించే మీటరు లేదు. ఇంజన్ బాగా కాలిపోతే స్టీరింగ్ కింద చిన్న ఎర్ర లైటు వెలుగుతుంది, అంతే. బల్బు పోయిందనుకున్నాను. గ్రీజు మామయ్య వచ్చి గొట్టం మార్చాడు. ఈ మెకానిక్ మాకు ఏ వరసా కాదు, వీధి మొత్తానికీ మామయ్య. ఆయన వైరు తాకించి చూస్తే లైటు ఎర్రగా, గుండ్రంగా, శుభ్రంగా వెలిగింది.

"బల్బు దివ్యంగా ఉంది అల్లుడూ. ఇది ఇలా వెలుగుతుంటే మీ నాన్న పాటలు పాడుకుంటున్నాడా?"

ఎండ పడి కనపడి ఉండదన్నాను. మామయ్య గుడ్డ అందుకున్నాడు. చేతులు తుడుచుకున్నాడు, చాలాసేపు.

ఎండే. ఇంకేముంటుంది?

అక్కకు పురుడు పోయడానికి అమ్మ వెళ్ళినప్పటి నుంచీ ఈ బండికి ఏదో పట్టింది. మొదట గేటు స్తంభానికి రాసుకుంది. తర్వాత అద్దం విరిగింది. ఇప్పుడిది. అమ్మ ఉన్నన్నాళ్ళు ఒక్క గీత పడలేదు. ముందు సీట్లో కూర్చుని వాగుతూనే ఉండేది: "సైకిలండీ. అటు కుక్క. ఆ పిల్ల దాటుతుందేమో, ఆగండి." మా బండికి రెండు హారన్లు అని నేనూ అక్కా నవ్వుకునేవాళ్ళం. వెళ్ళేటప్పుడు నాతో, "రోజూ నాన్న పక్కన కూర్చుని వెళ్ళు, పనేం చెయ్యక్కర్లేదు, ఊరికే కూర్చో," అంది. నన్ను లాండ్రీ పనిలో ఇరికించడానికి ఎత్తులే అనుకున్నాను. వెళ్ళలేదు.


గురువారం

పాత సామాన్ల కొట్టులో టెంపరేచర్ మీటరు దొరికింది. అరచేతిలో పట్టేంత. తెల్లటి మొహం, నల్ల అంకెలు, చివర ఎర్ర గీత. ముల్లు సన్నగా, ముచ్చటగా ఉంది. సెన్సార్ గొట్టంలో బిగించి ఇస్తానన్నాడు మామయ్య. కూర్చోబెట్టే స్టాండు కొత్తది కొనడమెందుకు, నేను చేస్తానన్నాను.

"చెయ్యి. మొదలుపెట్టింది పూర్తిచేస్తే చూడాలని ఈ వీధిలో చాలామందికి ఆశగా ఉంది," అన్నాడు.

లేత్ షాపు మానేశానని, ఫోన్ల షాపు మానేశానని, అంతకుముందు బడి మానేశానని అందరికీ కంఠతా వచ్చు. అననీ.


శుక్రవారం

వెనక దొడ్లో నీళ్ళ పైపు ముక్క ఉంటే రంపం బ్లేడుతో కోశాను. మీటరు దూరలేదు, నెత్తి మీద బిందెలా కూర్చుంది. పైపు చివరను స్టవ్ మీద అటూ ఇటూ తిప్పుతూ కాచాను. మెత్తబడగానే మీటరుకి గుడ్డ చుట్టి లోపలికి నొక్కాను. దిగింది! చల్లారాక మీటరు తీస్తే పైపు దాని ఆకారంలోనే ఉండిపోయింది. వంటిల్లంతా కాలిన ప్లాస్టిక్ కంపు. అమ్మ ఉంటే పైపుతోనే కొట్టేది.


శనివారం

అడుగు భాగమే కష్టం. డాష్‌బోర్డు చదునుగా ఉండదు, గుర్రం వీపులా వంగి ఉంటుంది. దాని మీద పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి, రెండు ముద్దలు కలిపి పిసికే పుట్టీని అద్ది, పైపు ముక్కను ఏటవాలుగా గుచ్చి పట్టుకుని కూర్చున్నాను. గట్టిపడేదాకా కదలకూడదు. నేను! కదలకుండా! నాన్న రెండుసార్లు వచ్చి చూసిపోయాడు.

"ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.

తర్వాత గరుకు కాగితంతో రుద్దుడు. తుమ్ములే తుమ్ములు. మెరుపు కళ్ళలో పడకుండా మెరవని నల్ల రంగు కొట్టాను. అదురు తగలకుండా కింద సైకిల్ ట్యూబు ముక్క అంటించాను. లోపల చిన్న దీపం కూడా పెట్టాను. చూస్తే కంపెనీ వాళ్ళు పెట్టిందే అనుకుంటారు. నేనే రెండుసార్లు అనుకున్నాను.


ఆదివారం

బిగించాను. స్టీరింగ్ పక్కన, కొంచెం మధ్యకి. నాన్నను సీట్లో కూర్చోబెట్టి కనపడుతోందా అని అడిగాను. తల తిప్పి, వంగి, వేలితో తట్టాడు.

"భేషుగ్గా కనపడుతోంది. నీ చేతిలో పని ఉందిరా. కాళ్ళలోనే లేదు, ఒకచోట నిలవవు."

పొగిడాడో తిట్టాడో తెలీలేదు గానీ రోజంతా ఈల వేస్తూనే ఉన్నాను.


సోమవారం

రాయాలో వద్దో తెలీడం లేదు.

పొద్దున నాన్నకు చెప్పకుండా రేడియేటర్ ఫ్యాన్ ప్లగ్ పీకేశాను. చెడ్డ ఉద్దేశం కాదు. బజారు వీధిలో బండి నత్తలా నడుస్తుంది. ఫ్యాన్ తిరక్కపోతే ముల్లు పైకి లేస్తుంది, నాన్న చూస్తాడు, "ఒరేయ్ ముల్లు లేస్తోందిరా!" అంటాడు, నేను దిగి గొప్పగా బాగుచేస్తాను. అదీ నా పథకం. ముందు సీట్లో హోటల్ తువ్వాళ్ళ మూటలు ఉన్నాయి కాబట్టి వెనక కూర్చున్నాను. నాన్న భుజం మీదుగా మీటరు బాగా కనపడుతోంది.

ముల్లు మధ్యకొచ్చింది. దాటింది. ఇప్పుడు చూస్తాడు అనుకున్నాను. నాన్న ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ముల్లు ఎరుపును తాకింది. ఇప్పుడు. ఎరుపులోకి వెళ్ళింది. నాన్న హారన్ కొట్టాడు, గేరు మార్చాడు, మళ్ళీ రాగం అందుకున్నాడు. నాకు నవ్వు రావడం ఆగిపోయింది. ముల్లు చివరికి పోయి అంచుకి తగిలి వణుకుతోంది. స్టీరింగ్ కింద ఎర్ర లైటు కూడా వెలిగింది. రెండూ. నాన్న రాగం తీస్తూనే ఉన్నాడు.

"నాన్నా, ఆపు! ఆపు!"

అంత గట్టిగా అరిచానని నాకే తెలీదు. బండి ఆపి, తల తిప్పి మీటరు చూశాడు.

"ఇప్పుడే చెబుదామనుకుంటున్నా," అన్నాడు.


మంగళవారం

నాన్న ఏదో ఆలోచనలో ఉండి ఉంటాడు. మనవరాలు పుట్టింది కదా.


బుధవారం

తప్పు స్టాండుదే. కిందికి ఉంది. రోడ్డు మీద నుంచి చూపు అంత కిందికి దించితే ఎవరికైనా కష్టమే. పీకేశాను. కొత్తది పొడుగ్గా చేస్తాను.


గురువారం

మెకానిక్ మామయ్యకు జరిగింది చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"స్టాండు ఇంకెంత పైకి లేపుతావు అల్లుడూ, టాపుకి వేలాడదీస్తావా?"

"ఎక్కడ పెడితే కనపడుతుందో అక్కడ పెడతాను."

"అయితే అదేదో ఆయన్నే కూర్చోబెట్టి చూసుకో. రోడ్డు చూస్తున్నప్పుడు ఎక్కడ కనపడుతుందో. తల తిప్పనివ్వకు."


శుక్రవారం

మామయ్య చెప్పినట్టే చేశాను. బండి ఇంటి ముందే ఉంది. నాన్న స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. మీటరును కొత్త పైపు ముక్కలో పెట్టి నేను పక్కన కూర్చున్నాను.

"నాన్నా, ఎదురుగా గేటు గొళ్ళెం చూడు. తల తిప్పొద్దు, కళ్ళూ తిప్పొద్దు. నేను దీన్ని ఈ చివర నుంచి జరుపుకుంటూ వస్తాను. కనపడగానే ఆగు అను. అక్కడే బిగిస్తాను."

"పెళ్ళిచూపుల్లా ఉందిరా," అన్నాడు.

నా వైపు తలుపు దగ్గర మొదలుపెట్టాను. మెల్లగా జరిపాను. గ్లవ్ బాక్సు దాటాను. రేడియో దాటాను. ఆగు అనలేదు. మొదట బిగించిన చోటు వచ్చింది, స్క్రూ రంధ్రాలు అక్కడే ఉన్నాయి. ఆగు అనలేదు. తెల్ల మొహం, ఇంత మీటరు. స్టీరింగ్ అంచు దాటాను.

"మొదలుపెట్టు మరి," అన్నాడు నాన్న.

ఏడిపిస్తున్నాడనుకున్నాను. నవ్వేశాను. నాన్న మొహం చూశాను. బుద్ధిగా గొళ్ళెం వైపే చూస్తూ ఎదురుచూస్తున్నాడు.

ఇంకా జరిపాను. నా చెయ్యి నాన్న ఛాతీకి అడ్డంగా వచ్చింది. ఇంకా జరిపాను. మీటరు దాదాపు ఆయన మొహానికి ఎదురుగా, గొళ్ళేన్ని కప్పేసేంత దగ్గరికి వచ్చింది.

"ఆ, ఆగు. ఇదిగో వచ్చింది. ఇక్కడ బావుంది," అన్నాడు.

అక్కడ బిగిస్తే రోడ్డు కనపడదు. అక్కడ రోడ్డుంటుంది.

అటు వైపు నుంచి కూడా చేశాను. అంతే. పై నుంచి. అంతే. మీటరు కింద పడింది, గాజు పగల్లేదు. నాన్న చూపు ఇంకా గొళ్ళెం మీదే ఉంది.

"అంతేనా, అయిపోయిందా?" అన్నాడు.

లోపలికొచ్చి మిగిలిన పైపు ముక్క కంటికి పెట్టుకుని, రెండో కన్ను మూసి వీధిలోకి చూశాను. ఎదురింటి తలుపు కనపడింది. తలుపు మాత్రమే. పక్కన ఎవరో నడుస్తున్న చప్పుడు వినపడుతోంది, మనిషి లేడు. ఉన్నట్టుండి పైపు మధ్యలోకి ఓ ముసలాయన వచ్చాడు, గాల్లోంచి ఊడిపడ్డట్టు. అదిరిపడి పైపు వదిలేశాను.


శనివారం

అమ్మకు ఫోన్ చేశాను. పక్కన పాప ఏడుపు.

"అమ్మా, నాన్న చూపు..." అన్నానో లేదో ఏడుపు దూరమైంది. గది బయటికి వచ్చేసినట్టుంది.

"ఎవరికన్నా తగిలిందా?" అంది.

ఏమైందని అడగలేదు. ఎవరికన్నా తగిలిందా అని అడిగింది!

"నీకు తెలుసా?"

"అక్క పెళ్ళికి ముందు నుంచీ తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేవాడివి? బండి నువ్వు తీసుకునేవాడివా? తీసుకుని పండక్కో పబ్బానికో వదిలేసి పోతే హోటలు వాళ్ళు ఆగుతారా, నర్సింగ్ హోమ్ వాళ్ళు ఆగుతారా? అందుకే నేనే కూర్చున్నా పక్కన. అన్నీ చెబుతూ. మీరిద్దరూ నవ్వేవాళ్ళుగా."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"వచ్చేటప్పుడు నీకు చెప్పాను కదరా, పక్కన కూర్చోమని," అంది. తిట్టలేదు. తిడితే బావుండేది.


ఆదివారం

నాన్నతో చెప్పాను. తువ్వాళ్ళు మడత పెడుతున్నాడు. చేతులు ఆగలేదు.

"ఎదురుగా ఉన్నది కనపడుతోంది కదా. రోడ్డు ఎదురుగానే కదా ఉండేది?"

"పక్క నుంచి వచ్చేవాళ్ళో?"

"పక్క నుంచి వచ్చేవాడికి కళ్ళుండవా? వాడు చూసుకుంటాడు."

"నాన్నా, ముల్లు చివరికి పోయి కొట్టుకుంటుంటే పాట పాడుతున్నావు."

"నువ్వు కుదురుగా స్టాండు చేసుంటే కనపడేది."

ఇది అనగానే నాకు ఒళ్ళు మండింది. మరుక్షణం భయమేసింది. ఎందుకంటే మొన్న బుధవారం నేను కూడా ఇదే అన్నాను.

"నా దగ్గర లైసెన్స్ ఉంది. రేపటి నుంచి నేను నడుపుతాను."

"కుర్చీలో ఒక్క నిమిషం కూర్చోలేనివాడివి, స్టీరింగ్ ముందు కూర్చుంటావా? పో, ఆ దుప్పట్లు ఇటు అందుకో."


సోమవారం

అమ్మ సీట్లో కూర్చున్నాను. సైకిలు నాన్నా. ఆటో నాన్నా. ఇటు లారీ. ఆవిడ దిగుతోంది, ఆగు. నాన్న విసుక్కున్నాడు: "చెవి దగ్గర అరవకు, మీ అమ్మైతే మెత్తగా చెప్పేది." మధ్యాహ్నానికి మెడ పట్టేసింది. ఇంటికొచ్చి మంచం మీద పడితే కళ్ళు మూసుకున్నా మనుషులు పక్క నుంచి వస్తూనే ఉన్నారు.

అమ్మ ఇది ఇన్నేళ్ళు చేసింది.


మంగళవారం

లేచేసరికి బండి లేదు. నన్ను లేపకుండా వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చాక నాన్న హుషారుగా ఉన్నాడు. "చూశావా, ఒక్కణ్ణే వెళ్ళొచ్చా. ఏమన్నా అయిందా?" అంటూ చెయ్యి కడుక్కోవడానికి లోపలికి పోయాడు.

నేను బండి చుట్టూ తిరిగాను. ముందు మడ్‌గార్డ్ మీద పొడుగ్గా నీలం గీత. బంపర్ సందులో ఎర్ర ప్లాస్టిక్ ముక్క ఇరుక్కుని ఉంది. లాగితే వచ్చింది. సైకిలు వెనక మెరిసే బిళ్ళ, సగం.

"నాన్నా, ఎవరికైనా తగిలిందా?"

"ఏం తగల్లేదే."

అబద్ధం కాదు. అబద్ధమైతే నాకు తెలుస్తుంది. ఆయనకు నిజంగా ఏమీ తగల్లేదు.


మంగళవారమే, సాయంత్రం

ఆ సగం బిళ్ళ జేబులో వేసుకుని నాన్న వెళ్ళిన దారంతా నడిచాను. రోడ్డు మీద ఎక్కడైనా జనం గుమిగూడి ఉంటారేమో, మరకేదైనా ఉంటుందేమోనని నేల చూసుకుంటూ. సైకిల్ రిపేరు షాపు కనపడినచోటల్లా అడిగాను. పెద్దాసుపత్రి వెనక ఉన్న షాపులో నీలం సైకిలు తలకిందులుగా పెట్టి ఉంది. వెనక చక్రం అప్పడంలా వంగింది. బిళ్ళ సగమే ఉంది. నా జేబులో మిగతా సగం.

"మనిషి ఎక్కడ?" అన్నాను.

"ఆసుపత్రిలో పనిచేసే ఆయమ్మదే. అదిగో, ఆ మెట్ల మీద."

బతికే ఉంది. మోకాలికి కట్టు, మోచేతికి కట్టు, టీ తాగుతూ ఎవరినో తిడుతోంది. ఒక్కసారిగా ఏడుపొచ్చింది, ఆపుకున్నాను.

"తెల్ల కారయ్యా. గుద్దేసి ఆగనన్నా ఆగలేదు. తాగుబోతు వెధవ అయ్యుంటాడు."

"మా నాన్న," అన్నాను. "తాగడు. మీరు కనపడలేదు ఆయనకి. గుద్దినట్టు కూడా తెలీదు."

నా మొహం వైపు చూసింది, టీ గ్లాసు పక్కన పెట్టి.

"కనపడని మనిషి చేతికి తాళం ఎవరిచ్చారయ్యా?"

నేను కింది మెట్టు మీద కూర్చుండిపోయాను.

"పైన కళ్ళ డాక్టరమ్మ ఉంది. రేపు పొద్దున్నే తీసుకురా. తీసుకురాలేదనుకో, ఈ కుంటి కాలుతో నేనే మీ ఇంటికొస్తా. వచ్చి మీ వాకిట్లో కూర్చుంటా."


బుధవారం

ఆ బిళ్ళ నాన్న చేతిలో పెట్టాను. ఆయమ్మ కట్ల సంగతి చెప్పాను. చాలాసేపు దాన్ని వేళ్ళతో తడుముతూ కూర్చున్నాడు. తర్వాత చొక్కా మార్చుకున్నాడు. "ఆవిణ్ణి చూడ్డానికొస్తా. డాక్టరు కోసం కాదు," అన్నాడు. బస్సులో వెళ్ళాం. బండి తాళం మాత్రం జేబులో వేసుకునే వచ్చాడు.

ఆయమ్మ గొంతు వినపడగానే నాన్న చేతులు జోడించాడు. ఆవిడ తిట్లన్నీ సిద్ధం చేసుకున్నట్టుంది, కానీ నాన్న ఆవిడకి ఎదురుగా కాకుండా పక్కనున్న స్తంభం వైపు తిరిగి దణ్ణం పెట్టేసరికి అవన్నీ మింగేసింది. చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళింది.

అక్కడ ఒక మిషన్ ఉంది. తెల్లటి పెద్ద గిన్నెలాంటి దాంట్లో మొహం పెట్టాలి. మధ్యలో చుక్క వైపే చూస్తుండాలి. చుట్టూ ఎక్కడైనా వెలుగు మెరిస్తే చేతిలోని బటన్ నొక్కాలి. నాన్న కర్టెన్ వెనక కూర్చున్నాడు, నేను ఇవతల బెంచీ మీద. టిక్, అని వినపడింది. తర్వాత ఏమీ లేదు. చాలాసేపటికి ఇంకో టిక్. మళ్ళీ ఏమీ లేదు. మిషన్ ఆగిపోయిందేమోనని ఆయమ్మ వైపు చూశాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

డాక్టరమ్మ కాగితం చూపించింది. నల్లగా ఉంది, మధ్యలో మాత్రం చిన్న తెల్ల మచ్చ.

"లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింది. పోయింది తిరిగి రాదు. మిగిలింది కాపాడుకోవచ్చు, రోజూ చుక్కల మందు వేసుకుంటే. బండి మాత్రం నడపకూడదు."

నాన్న నవ్వాడు.

"అమ్మా, ఆ మిషన్‌లో ఎవరికీ ఏమీ కనపడదు. ఊరికే చీకట్లో కూర్చోబెడతారు. అందరికీ అంతే."

"అందరికీ అంతే కాదండీ. ఇతను మీ అబ్బాయేనా?" అని నా వైపు చూసింది. "ఇది వంశపారంపర్యంగా వస్తుంది. నువ్వూ కూర్చో బాబూ."

నాన్న నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. బండి ఉడికినప్పుడు కూడా అలా లేదు.

"వాడికెందుకు? వాడు కుర్రవాడు," అన్నాడు.

కూర్చున్నాను. గడ్డం ఆనించాను. మధ్య చుక్క తప్ప అంతా మసక తెలుపు. ఒక్క క్షణం ఏ వెలుగూ రాలేదు. రాలేదా, నాకు కనపడలేదా? నేనూ పైపులోంచే చూస్తున్నానా ఇన్నాళ్ళూ, తెలీకుండా?

పైన మెరిసింది. నొక్కాను. పక్కన. నొక్కాను. కింద, మళ్ళీ పక్కన, అంచు దగ్గర పిసరంత. నొక్కాను, నొక్కాను, నొక్కుతూనే ఉన్నాను. టిక్ టిక్‌మని వాన చినుకుల్లా. అది నా చప్పుడే అని, కర్టెన్ అవతల నాన్న వింటున్నాడని అప్పుడు తట్టింది. నొక్కకుండా ఉండాలనిపించింది. కొన్ని వదిలేద్దామా అనిపించింది. వదల్లేదు.

బయటికొచ్చేసరికి నాన్న బెంచీ మీద లేడు. కర్టెన్‌కి ఆనుకుని, గుడ్డకి చెవి తాకించి నిలబడి ఉన్నాడు.

"అవన్నీ కనపడే నొక్కావా?"

"ఆ."

"ఊరికే నొక్కలేదు కదా? ఒట్టు?"

"ఒట్టు నాన్నా. కనపడ్డాయి."

"అన్ని ఉన్నాయా అందులో," అన్నాడు. నన్నడిగినట్టు లేదు.

నా భుజం తడిమాడు, తర్వాత చెయ్యి, తర్వాత వేళ్ళు. జేబులోంచి బండి తాళం తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు తనే మూశాడు. మెట్లు దిగేటప్పుడు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"మొదటి మెట్టు వచ్చినప్పుడు చెప్పు," అన్నాడు.